వల లాగేటప్పుడు చేపలు ఏరకండి: ఫ్రీరైటింగ్‌తో ఆలోచనలు పుట్టించే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్తే జెట్టీ మీద ఏరుడు పని జోరుగా సాగుతుంటుంది. వంజరం ఒక పక్కకి, చందువ ఇంకో పక్కకి, కానాగంతలు ఒక గంపలోకి, నెత్తళ్లు మరో గంపలోకి. ఇదంతా వల పైకొచ్చాక చేసే పని. వల లాగుతున్నవాడు మధ్యలో ఆగి "ఇది వంజరమేనా, దీనికి రేటొస్తుందా" అని చూస్తూ నిలబడితే పట్టు జారుతుంది, వలలో ఉన్నది కూడా పోతుంది.

"నాకు ఐడియాలు రావండీ" అనేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. ఆలోచన సగం పైకి రాగానే బాగుందా, ఎవరైనా నవ్వుతారా, ముందే ఎవరైనా చేసేశారా అని ఏరడం మొదలెడతారు. లాగడం ఒక పని, ఏరడం ఒక పని. రెంటినీ ఒకే నిమిషంలో చేయబోతే రెండూ చెడతాయి. వీటిని వేర్వేరు వేళలకి విడగొట్టే పద్ధతే ఫ్రీరైటింగ్. టైమర్ పెట్టుకుని, అది మోగేదాకా చెయ్యి ఆపకుండా తోచింది తోచినట్టు రాసుకుపోవాలి. ఏరడం తర్వాత ఎప్పుడో. కథ రాసేవాళ్లకే కాదు, కొత్త టిఫిన్ సెంటర్‌కి పేరు వెతుక్కునేవాళ్లకీ, ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుకి అంశం దొరక్క తిరుగుతున్నవాళ్లకీ, ఆరో తరగతికి పాఠం కొత్తగా చెప్పాలనుకునే టీచర్లకీ పద్ధతి ఒకటే.

సరంజామా

రూళ్లున్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఖరీదైన అట్ట డైరీ కొనొద్దు. మంచి కాగితం చూస్తే మంచి మాటే రాయాలనిపిస్తుంది, చెయ్యి అక్కడే ఆగిపోతుంది. కుడివైపు పేజీలోనే రాయండి, ఎడమవైపుది ఖాళీగా వదలండి. దాని పని సాయంత్రం ఉంది. రోజుకో కుడి పేజీ లెక్కన పుస్తకం 100 రోజులు వస్తుంది.

పెన్ను బాల్ పెన్నే అయ్యుండాలి. విశాఖ గాలిలో తేమకి కాగితం మెత్తబడుతుంది, జెల్ సిరా తొందరగా ఆరదు, వేగంగా కదిలే చెయ్యి దాన్ని అలికేస్తుంది. పక్కన రెండో పెన్ను ఉండాలి. రీఫిల్ అయిపోయిందని మధ్యలో లేచారంటే ఆ పూటకి అంతే. టైమర్‌కి ఫోన్ కంటే వంటింటి టైమర్ మేలు. ఫోన్ తప్ప వేరే దిక్కు లేకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బోర్లించి, చెయ్యి అందని చోట ఉంచండి.

వేళ సంగతికొస్తే, నిద్ర లేచిన వెంటనే రాయమని అమెరికన్ రచయిత్రి డొరొథియా బ్రాండే 1934లోనే చెప్పింది. పేపర్ చదవకముందు, వాట్సాప్ తెరవకముందు, ఇంకా ఎవరి మాటా చెవిన పడకముందు. మన ఇళ్లలో అది కుదరని వాళ్లే ఎక్కువ: పాలు, కుళాయి, పిల్లల క్యారేజీలు. అలాంటప్పుడు ఏ వేళైనా ఫరవాలేదు గానీ రోజూ చేసే ఒక పనికి దాన్ని కట్టేయండి. "టీ గ్లాసు కడిగాక" అనుకుంటే జరుగుతుంది. "ఖాళీ దొరికినప్పుడు" అనుకుంటే జరగదు.

ఆర్కే బీచ్‌లో కూర్చుని రాయాలని ముచ్చటపడేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కే కొద్దీ నేల సముద్రం కంటే తొందరగా వేడెక్కుతుంది, సముద్రం మీంచి గాలి లోపలికి తోసుకొస్తుంది. మధ్యాహ్నం దాటాక ఒక చేత్తో పేజీలు పట్టుకుని రెండో చేత్తో రాయాలి. మురీ మిక్చర్ పొట్లం కూడా చేతిలో ఉంటే ఇక రాత మాట మర్చిపోవచ్చు.

పది నిమిషాలు

పేజీ పైన తేదీ, టైము, ఒక మొదలుమాట వేయండి. ఈ మొదలుమాట దగ్గర చాలామంది తడబడతారు. "స్వేచ్ఛ", "ప్రేమ", "విజయం" లాంటివి పెట్టుకుంటే రెండో నిమిషానికే వక్తృత్వ పోటీలో ప్రసంగం లాంటిది తయారవుతుంది, ఎందుకంటే ఆ మాటల వెనక మన తలలో ఉన్నవి ఎవరో అన్న వాక్యాలే. కంటికి కనిపించేది, ముక్కుకి తగిలేది పెట్టుకోండి. పూర్ణా మార్కెట్లో తడి నేల. సింహాచలం మెట్ల మీద పసుపూ కుంకుమ బొట్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో కట్టేసి ఉన్న మరబోట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక కరెంటు లేని రాత్రి. లేదూ, మీ వంటింటి కిటికీ గొళ్లెం.

ప్రతి పొద్దునా మొదలుమాట కోసం పది నిమిషాలు ఆలోచించే జబ్బు కూడా ఉంది. ఆదివారం కూర్చుని ఏడు మాటలు ఏడు చీటీల మీద రాసి గ్లాసులో వేయండి. పొద్దున్న ఏది చేతికొస్తే అదే. "ఇది బాలేదు" అని ఇంకోటి తీయకూడదు.

టైమర్ తిప్పాక చెయ్యి ఆగకూడదు, ఇదొక్కటే నియమం. కొట్టివేతలు లేవు, పై లైను చదవడం లేదు, చుక్కా కామా అక్కర్లేదు. ఏమీ తోచకపోతే "ఏటి రాయాలి ఏటి రాయాలి" అనే రాయండి, లేదా చివరి మాటనే తిప్పి తిప్పి రాయండి. అదే మాట నాలుగోసారి రాసేసరికి మనసుకి విసుగొచ్చి ఇంకోటి అందిస్తుంది. ఆ విసుగే మనకి కావాల్సింది. చేత్తో రాసేవాళ్లకి పది నిమిషాల్లో 100 నుంచి 150 తెలుగు మాటలు పడతాయి. లాంగ్ పుస్తకంలో ముప్పావు పేజీ నుంచి పేజీ. 60 మాటలే పడ్డాయంటే మధ్యలో ఆగి ఏరారన్నమాట. 250 పడ్డాయంటే మీ రాత మీకే అర్థం కాదు, కొంచెం నిదానించండి.

మొదటి మూడు నాలుగు నిమిషాల్లో వచ్చేది చెత్తే. కుళాయిలోంచి ముందు తుప్పునీళ్లు వచ్చినట్టు. దాన్ని చూసి ఆపేయకండి.

తెలుగులో రాసేవాళ్లకి వచ్చే అడ్డంకులు

ఇంగ్లీషులో ఈ పద్ధతి నేర్పేవాళ్లు చెప్పని ఇబ్బందులు మనకి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది పుస్తకాల భాష. నోటితో "ఎలిపోయాడు" అనే మనిషి పెన్ను పట్టగానే "వెళ్లిపోయాడు" అంటాడు, ఇంకొంచెం బిగుసుకుంటే "నిష్క్రమించెను" దాకా పోతాడు. నోటి మాటని బడి మాటగా మార్చే ఆ అర సెకను చాలు, వెనకాల వస్తున్న ఆలోచన జారిపోవడానికి. అందుకే మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. ఏటి, ఎందుకెల్లీసేడు, కూకున్నాడు, ఒగ్గీసేడు. గాజువాక మాట గాజువాకలా, అనకాపల్లి మాట అనకాపల్లిలా. ఈ పుస్తకం ఎవరూ దిద్దరు.

రెండోది వర్ణక్రమం. "వీణ"కి న వేయాలా ణ వేయాలా, "విశేషం"లో ఏ శ ముందు? ఏదో ఒకటి వేసి ముందుకెళ్లండి. ఒత్తు మర్చిపోతే మర్చిపోయారు. ఇంగ్లీషు మాట వస్తే దాన్నే తెలుగు అక్షరాల్లో పడేయండి. "ఫ్రస్ట్రేషన్"కి తెలుగేమిటా అని వెతికే లోపు ఆ ఫ్రస్ట్రేషన్ కూడా చల్లారిపోతుంది.

మూడోది కీబోర్డు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో ప్రతి మాటకీ పైన నాలుగు సూచనలు వస్తాయి. నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం అంటే ఏరడమే. కాబట్టి కాగితమే మేలు. చెయ్యి నొప్పి వల్ల టైపు చేయక తప్పదనుకుంటే నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటు చేసుకోండి, సూచనలూ దిద్దుబాటూ సెట్టింగుల్లో ఆపేయండి, రాసినదాని మీదికి కన్ను పోకుండా స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. మాట్లాడితే టైపయ్యే సౌకర్యం ఈ పనికి అంతగా పనికిరాదు. అది తప్పు విన్న ప్రతిసారీ కన్ను దాని మీదికే పోతుంది.

ఒక పేజీ ఎలా ఉంటుందంటే

మొదలుమాట "బస్సు కిటికీ" అనుకుందాం, విశాఖ నుంచి తీరం వెంట ఉత్తరంగా భీమిలి వెళ్లే బస్సుది. ఆరోగ్యంగా ఉన్న ఫ్రీరైటింగ్ ఇలా ఉంటుంది:

"బస్సు కిటికీ బస్సు కిటికీ ఏటి రాయాలి ఏటి రాయాలి అద్దం సగంలో బిగిసిపోయింది పైకీ ఎల్లదు కిందకీ రాదు ఉప్పుగాలికి తుప్పట్టీసుంటాది భీమిలి బస్సు పొద్దున్న ఎక్కితే కుడేపు సీట్లు ఖాళీ ఎండ అటేపే ఉంటాది జనమంతా ఎడమేపే కూకుంటారు కరెంటు బిల్లు కట్టలేదు ఏటి రాయాలి కిటికీ కిటికీ సముద్రం కూడా కుడేపే కదా మరి సముద్రం కావాలంటే ఎండలో కూకోవాలి తట్ట పట్టుకున్నామె కుడేపే కూకుంది సముద్రం చూడ్డం లేదు నిద్రోతోంది ఆకలేస్తోంది ఇడ్లీ పిండి ఉందో లేదో"

అందంగా లేదు, ఉండకూడదు. దీన్ని పొద్దున్న రాసి పుస్తకం మూసేయండి. రాసిన వెంటనే చదివితే రెండే అనిపిస్తాయి: "అంతా చెత్త" లేదా "అబ్బ, ఎంత బాగుందో". రెండూ నమ్మదగ్గవి కావు.

సాయంత్రం ఏరుడు

కొన్ని గంటలు గడిచాక పెన్సిలుతో ఐదు నిమిషాలు. మర్నాడు పొద్దున్న రాయబోయే ముందు మాత్రం ఏరకండి, లోపలి దిద్దుబాటుదారు నిద్ర లేచి కూర్చుంటాడు.

మూడు గుర్తులు చాలు. చదువుతుంటే ఎక్కడైనా మనసు ఒక్క క్షణం ఆగితే అక్కడ గీత. కంటికి కట్టే వస్తువుంటే దాని చుట్టూ సున్నా. జవాబు తెలియని చోట ప్రశ్నార్థకం. పై పేజీలో "సముద్రం కావాలంటే ఎండలో కూకోవాలి" కింద గీత పడుతుంది. బిగిసిపోయిన అద్దం చుట్టూ సున్నా. తట్ట పట్టుకున్నామె కుడివైపే ఎందుకు కూర్చుంది, అక్కడ ప్రశ్నార్థకం. కరెంటు బిల్లు చీటీ మీదికి ఎక్కించి తీసేయండి. బిల్లు చీటీకెక్కితే మర్నాడు మళ్లీ పేజీలో దూరదు.

గుర్తులు పెట్టినవాటిని ఎడమ పేజీలోకి ఎత్తి రాయండి, మూడుకి మించకూడదు. పదమూడు ఎత్తారంటే ఏరలేదు, నకలు తీశారు. ఒక్కటీ దొరకని రోజులుంటాయి. ఆ పేజీకి తేదీ వేసి వదిలేయండి.

రాసే పని మానకుండా చేసేవాళ్లు కూడా ఈ ఏరుడు దగ్గరే జారుకుంటారు. ఆరు పుస్తకాలు నింపి "ఏమీ రాలేదు" అంటారు. వల నిండా చేపలు పట్టుకొచ్చి జెట్టీ మీద వదిలేసి ఇంటికెళ్లిపోతే గంపలోకి ఏమొస్తుంది?

మళ్లీ అదే వల

అమెరికాలో రాయడం నేర్పిన అధ్యాపకుడు పీటర్ ఎల్బో 1973లో ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన చెప్పిన కిటుకు ఒకటి బాగా పనికొస్తుంది: రాసినదాంట్లో బరువంతా ఏ వాక్యం మీద ఆనుతోందో పట్టుకుని, దాన్ని కొత్త పేజీ పైన రాసి మళ్లీ మొదలెట్టడం. రోజూ అక్కర్లేదు, ఆదివారం చేస్తే సరిపోతుంది. వారంలో ఎడమ పేజీల మీద పడ్డవాటిలోంచి ఒకటి తీసుకోండి. పది నిమిషాలు రాయండి, ఐదు నిమిషాలు బాల్కనీలో నిలబడండి, బరువు వాక్యం ఏరండి, మళ్లీ పది. ఇలా మూడు చుట్లు. రోజువారీ రాతకి పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఎడం పెట్టమన్నాం గదా, ఇక్కడ ఆ ఎడం తగ్గించేది ఒకే ఒక్క వాక్యం కోసం.

"సముద్రం కావాలంటే ఎండలో కూకోవాలి" అని పైన పెట్టి రెండో చుట్టు రాస్తే, మూడో నాలుగో నిమిషంలో "మరి సాయంత్రం?" అన్న ప్రశ్న తగులుతుంది. మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం ఎండ పడమటి నుంచి కొడుతుంది. అంటే సాయంత్రం బస్సులో సముద్రమూ నీడా ఒకే వైపు, వెళ్లేటప్పుడైనా వచ్చేటప్పుడైనా. భీమిలి దారిలో రోజూ తిరిగేవాళ్లకి ఒంటికి తెలిసిన సంగతే ఇది, మాటల్లోకి రాలేదంతే.

ఇప్పుడు దీన్నెలా వాడతారన్నది మీ పనిని బట్టి. కథ రాసేవారికి: పొద్దున్న ఎండవైపు కూర్చునే మనిషీ, సాయంత్రం అదే సముద్రం వైపు సీటు కోసం పోటీపడే జనమూ. యాప్ తయారుచేసే కుర్రాడికి: బయల్దేరే టైమూ రూటూ చెప్తే నీడ ఎటువైపు పడుతుందో చెప్పే చిన్న ప్రోగ్రాం, రోడ్డు ఏ దిక్కుకి పోతుందో, సూర్యుడు ఆ వేళకి ఎక్కడుంటాడో రెండూ లెక్కకి అందేవే. ఆరో తరగతి టీచరుకి: "పొద్దున్న 8 గంటలకి భీమిలి వెళ్లే బస్సులో నీడ ఎటువైపు? సాయంత్రం 5కి తిరిగొచ్చేటప్పుడు ఎటువైపు?" అని అడిగితే దిక్కుల పాఠం బల్ల మీంచి బస్సులోకెక్కుతుంది. ఒక్క కిటికీలోంచి మూడు వచ్చాయి. మొదలుమాట "ప్రయాణం" అని పెట్టి ఉంటే ఇవేవీ తగిలేవి కావు.

చీటీల డబ్బా

ఇలా తేలిన ఒక్కో ఆలోచననీ ఒక్కో చీటీకెక్కించండి. ఏ4 కాగితం మూడు మడతలు పెట్టి చింపితే ఎనిమిది చీటీలు. పాత శుభలేఖలు కోసి వాడితే ఇంకా గట్టిగా ఉంటాయి, ఇంట్లో కట్టలు కట్టలు పడుంటాయి గదా. చీటీ మీద ఆలోచన ఒక్క వాక్యంలో, కింద మూలన అది పుట్టిన పేజీ తేదీ. తేదీ ఎందుకంటే రెండు నెలల తర్వాత "ఇదేంటి, ఇలా ఎందుకు రాశాను" అనిపిస్తుంది, అప్పుడు అసలు పేజీ వెతుక్కోవాలి.

చీటీ వెనకవైపు రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. ఇది ఎవరికి పనికొస్తుంది? ఈ వారంలో, వంద రూపాయల లోపు, దీన్ని ఎలా పరీక్షించొచ్చు? రెండోదానికి జవాబు రాకపోతే ఆలోచన ఇంకా పచ్చిదే. నీడ యాప్‌కైతే జవాబు తేలికే: రానూ పోనూ భీమిలి టికెట్టు, కాగితం మీద నాలుగు గీతలు.

రెండు వారాలకోసారి డబ్బాలోంచి కళ్లు మూసుకుని రెండు చీటీలు తీయండి. "ఈ రెండూ ఒకటైతే" అని పైన రాసి ఐదు నిమిషాలు. చాలా జంటలు కుదరవు, తిరిగి డబ్బాలోకి వేయండి. కుదిరినది మాత్రం మామూలుగా కూర్చుని ఆలోచిస్తే తట్టే రకం కాదు.

ఎక్కడ చెడుతుంది

వాక్యాలు మరీ చక్కగా పడుతున్నాయి, చుక్కలు కూడా సరిగ్గా ఉన్నాయి అంటే అనుమానించండి. ఎవరో చదువుతారన్న ధ్యాసతో రాస్తున్నారు. టైము ఐదు నిమిషాలకి తగ్గించి వేగం పెంచండి. ఫేస్‌బుక్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే కనీసం మొదటి నెల మానుకోండి. ఇంట్లోవాళ్లకి కూడా చూపించకండి. "ఇదేం రాత" అని ఎవరో ఒక్కరంటే చాలు, మర్నాటి నుంచి చెయ్యి బిగుసుకుంటుంది.

పది రోజులుగా పేజీల నిండా ఇంటి గొడవలు, ఆఫీసు సణుగుడే వస్తుంటే మొదలుమాట మరీ ఖాళీగా ఉందన్నమాట, "ఈ రోజు" అనో "నేను" అనో. వస్తువు పేరుకి మారండి. రాస్తుంటే పాత దుఃఖం పైకొచ్చి ఆ తర్వాత రోజంతా మనసు కుదుటపడకపోతే మాత్రం పట్టుబట్టి కొనసాగించకండి. ఆ పేజీ అక్కడే ఆపి, ఒక మనిషితో మాట్లాడండి.

వారమంతా మానేసి ఆదివారం గంటన్నర కూర్చునేవాళ్లుంటారు. ఇరవయ్యో నిమిషం దాటాక చెయ్యి నొప్పి, ఆ పైన వచ్చేది నొప్పి గురించిన రాతే. రోజుకి పది చాలు. మొదటి వారం ఐదే పెట్టుకోండి, ఏరుడు కూడా వద్దు, చెయ్యి అలవాటుపడనివ్వండి. రెండో వారం నుంచి పదీ, సాయంత్రం పెన్సిలూ. మూడో వారం నుంచి ఆదివారం మూడు చుట్లు. మధ్యలో రెండు రోజులు తప్పితే ఆ రెండు రోజులదీ కలిపి రాయబోకండి, ఆ రోజుది రాసి ఊరుకోండి.

పుస్తకం నిండాక కుడి పేజీల జోలికి పోకుండా ఎడమ పేజీలు మాత్రం మధ్యలో లేవకుండా ఒకేసారి చదవండి. అరగంట పడుతుంది. ఒకే వస్తువో, ఒకే ప్రశ్నో నాలుగైదు చోట్ల వేర్వేరు వేషాల్లో కనిపిస్తే దాన్ని అట్ట లోపలివైపు రాసిపెట్టుకోండి, తర్వాతి పుస్తకంలో మొదటి ఆదివారం మూడు చుట్లూ దాని మీదే. నిండిన పుస్తకాన్ని గోడకి ఆనించి పెట్టకండి. వానాకాలం చెమ్మకి పేజీలు అంటుకుపోతాయి, పురుగు కూడా పడుతుంది. అలమరలో పై అరన, నాలుగు ఎండిన వేపాకులు వేసి పెట్టండి.